ఇరవై ఏడిళ్ల వంతుకర్ర

నేను ఒక కర్రను. మూడు మూరల పొడవు, చేతి పట్టు దగ్గర నున్నగా అరిగిన ఒళ్లు, అడుగున ఇనప పొన్ను. గేదెల్ని అదిలించే కర్రకూ నాకూ పైకి పెద్ద తేడా కనపడదు. ఆ మాట మా వేములమెట్టలో మాత్రం అనకండి, కొట్టినంత పని చేస్తారు.

ప్రస్తుతం నా మకాం రైతు సాయం సంఘం ఆఫీసులోని అద్దాల బీరువా. మెడలో ఎండిపోయిన చేమంతి దండ, పక్కన రెండు షీల్డులు, ఎదురుగా ఆగకుండా కొట్టుకునే గడియారం. మూడేళ్లుగా ఇక్కడే ఉన్నాను. అద్దంలోంచి చూసినవాళ్లు హాయిగా విశ్రాంతి తీసుకుంటోందని అనుకుంటారు కాబోలు. లోపల నేను కాలు కాలిన పిల్లిలా ఉన్నాను. కర్రగా పుట్టిన దగ్గర్నుంచి ఒకే ఇంట్లో రెండు పొద్దులు చూసి ఎరగను. అలాంటిదాన్ని తెచ్చి కూర్చోబెడితే కూర్చుంటానా? కాబట్టి నా కథ గబగబా చెప్పేస్తాను. నెమ్మదిగా చెప్పడం కూడా నాకు రాదు.

మొదట నేను గురవయ్య ఎడ్లబండికి నొగను. కాడిని మోసే పొడుగాటి కొయ్యలో ఒక ముక్కను. నలభై అయిదేళ్ల కిందట, సరిగ్గా కంది విత్తే అదునులో, గురవయ్యకు విషజ్వరం తగిలింది. మాది మెట్ట నేల. వాన పడ్డాక మూడు రోజులే పదును. నాలుగో రోజుకు నేల బిగిసిపోయి విత్తే గొర్రు దిగదు. ఆ మూడు రోజులూ ఏ రైతూ తన చేను వదిలి పక్కకు రాడు, కన్నతండ్రి పిలిచినా రాడు. అలాంటిది మాలకొండయ్య అనే పాతికేళ్లవాడు తన చేను అలాగే వదిలేసి, తన గొర్రు తీసుకెళ్లి గురవయ్య చేలో దించాడు. అది చూసి సిగ్గేసి మరో పదిమంది దిగారు. చేను విత్తడం అయ్యాక అదే పదకొండుమంది గురవయ్యను బండిలో పడుకోబెట్టి ఆసుపత్రికి బయల్దేరారు. వాగు మధ్యకు వచ్చేసరికి నేను విరిగాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను. వాళ్లు బండిని భుజాల మీద మోసి ఒడ్డుకు చేర్చారు. గురవయ్య బతికాడు.

విరిగిన నొగను పొయ్యిలో పెట్టబోతుంటే వడ్రంగి వీరాచారి అడ్డం పడ్డాడు. "పారెయ్యబాకండి. చేవ గట్టిగుంది, దేనికో దానికి పనికొస్తది" అన్నాడు. ఆ వారమే సంఘం పెట్టి, నన్ను కర్రగా చెక్కించారు. దేనికో దానికి అన్న ఆ పని నాకు దొరికింది.

పద్ధతి ఇదీ. రోజూ పొద్దున్నే ఒక ఇంటివాళ్లు నన్ను పక్కింటికి తీసుకెళ్లి, గడప దగ్గర చేతికిచ్చి, "వంతు వచ్చింది" అనాలి. లోపలి మనిషి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, "వచ్చింది, తీసుకున్నాం" అని అందుకోవాలి. గోడకు ఆనించి పోకూడదు, అరుగు మీద పడేసి పోకూడదు. నన్ను అందుకున్న ఇల్లు ఆ రోజంతా ఊరి సొత్తు. నాలుగు దార్ల దగ్గరున్న పశువుల తొట్టిలో బోరింగు కొట్టి అరవై బిందెల నీళ్లు పొయ్యాలి. ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రికి తోడు వెళ్లాలి. ఎవరైనా పోతే చుట్టాలకు కబురు చేరవెయ్యాలి. ఎవరి చేలోనైనా పని ఆగిపోతే మనుషుల్ని పోగేసుకుని వెళ్లి, ఆ గట్టు మీద నన్ను గుచ్చాలి. నన్ను గుచ్చాక ఆ చేను ఆసామి సాయం వద్దనకూడదు. ఈ ఆఖరి కట్టడి ఎందుకంటే, మా రైతులు పెట్టడానికి ముందుంటారు గానీ పుచ్చుకోమంటే చేదు మందు తాగమన్నట్టు మొహం పెడతారు. ఇంకొకటి కూడా ఉంది. తన వంతు రోజును సొంత పనికి వాడుకోకూడదు.

సంఘంలో ఇరవై ఏడిళ్లు. చంద్రుడికి కూడా ఇరవై ఏడిళ్లేనట, ఎక్కడా నిలవడట. ఆయన బాధ నాకు తెలుసు. ఏ ఇంటి సంగతీ పూర్తిగా వినే యోగం మా ఇద్దరికీ లేదు. గురవయ్య ఇంట్లో అత్తాకోడళ్లు పులుసులో ఉప్పు దగ్గర మాటలు మానేశారు. ఏమైందో తెలియకుండానే నన్ను పక్కింటికి ఇచ్చేశారు. ఇరవై ఏడు రోజులు కొట్టుకుచచ్చి మళ్లీ ఆ గడప ఎక్కేసరికి, ఇద్దరూ ఒకటై ఆ ఇంటి కొడుకుని దులిపేస్తున్నారు. మధ్యలో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నన్ను కంగారు పెట్టని ఇల్లు ఒకటే ఉండేది. తిరపాలు, వెంగమ్మల ఇల్లు. మిగతా ఇళ్లలో ఎక్కువగా మగవాళ్లే వచ్చి నన్ను అందుకునేవాళ్లు. ఆ ఇంట్లో వెంగమ్మ వచ్చేది. "ఆయన చేలో ఉన్నాడు. నాదీ చెయ్యేగా" అనేది. తడిగుడ్డతో నా ఒంటి దుమ్ము తుడిచి, పొన్ను దగ్గర ఒక చుక్క ఆముదం రాసేది. గొర్రు మీద జడ్డిగం అనే చెక్క గిన్నె ఉంటుంది, అందులోకి గుప్పిట్లోంచి విత్తనం వదలాలి. ఎడ్ల నడక ఎలా ఉన్నా గింజకూ గింజకూ మధ్య ఎడం తప్పకుండా వదలగలిగింది ఊళ్లో వెంగమ్మ ఒక్కతే. ఆమె విత్తిన చేను మొలిస్తే నూలు పట్టినట్టు తిన్నగా ఉండేది.

ఇరవై రెండేళ్ల కిందట, కార్తీకంలో, మోటారు స్టార్టరు దగ్గర కరెంటు కొట్టి తిరపాలు పోయాడు. వెంగమ్మకు అప్పటికి ముప్పై రెండేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు బడికి పోతున్నారు. సంఘం చెయ్యాల్సింది అంతా చేసింది, ఆ మాట కాదనను. చుట్టాలకు కబుర్లు పోయాయి, పదకొండు రోజులు ఆ ఇంటి పొయ్యి ఊరే వెలిగించింది. తరువాత సమావేశంలో మాలకొండయ్య లేచి నిలబడ్డాడు. అప్పటికి ఆయనే ప్రెసిడెంటు, మోకాలు వాచి కుంటేవాడు. "ఒంటి ఆడమనిషి, పసిపిల్లలు. ఆ తల్లికి వంతు వద్దు. ఆమె పని మనమే చూసుకుందాం" అన్నాడు. అందరూ తలలూపారు. కొందరికి కళ్లు చెమర్చాయి. వెంగమ్మను ఒక మాట అడుగుదామని మాత్రం ఎవరికీ తట్టలేదు. నేను మూలన నిలబడి ఉన్నాను. నన్ను కూడా ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున వెంగమ్మ పక్కింటి చెంచయ్య నన్ను పట్టుకుని బయల్దేరాడు. ఆమె గడపలో నిలబడి ఉంది. కాళ్లూ చేతులూ కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు. చెంచయ్య తల వంచుకుని నడక పెంచాడు.

"బాబాయ్, ఇటు" అంది వెంగమ్మ.

"నీకెందుకమ్మా ఈ కష్టం? మేం లేమా?" అన్నాడు చెంచయ్య ఆగకుండానే. అని, అవతలి ఇంటి ఆదిలక్ష్మి చేతిలో నన్ను పెట్టేశాడు.

ఆ మాట ప్రేమగానే అన్నాడు. నా మంటంతా అదే. తిట్టి దాటిపోయి ఉంటే వెంగమ్మ తిరిగి తిట్టి ఉండేది. ప్రేమగా దాటిపోయినవాణ్ణి ఏమనగలదు? చెయ్యి చాపి అలాగే కాసేపు నిలబడింది, తరువాత తడి కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ పూటే ఇంకొకటి జరిగింది. ఆదిలక్ష్మి బిందె చంకన పెట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్లేసరికి తొట్టి అంచుల దాకా నిండి ఉంది. "నిన్న చెంచయ్య ఎక్కువ పోశాడేమోలే" అనుకుంది. చెంచయ్య ఒక బిందె తగ్గించి పోసిన చరిత్రే గానీ ఎక్కువ పోసిన చరిత్ర లేదు. ఇరవై ఆరు రోజుల తరువాత ఆమె వంతు మళ్లీ వచ్చింది. తొట్టి మళ్లీ నిండి ఉంది. ఈసారి ఆదిలక్ష్మి వంగి చూసింది. బురదలో ఆడమనిషి పాదాలు. అక్కణ్ణుంచి వెంగమ్మ గుమ్మం దాకా చుక్కలు చుక్కలుగా తడి. చూసింది, అర్థం చేసుకుంది, ఇంటికొచ్చి కాఫీ పెట్టుకుంది. మంచి మనిషే. కానీ అరవై బిందెలంటే అరవై బిందెలు కదా. ఆమె గోడకు ఆనుకుని నేను ఎంత గింజుకున్నానో! నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. వాన పడింది. కంది అదును.

మొదటి రోజు వంతు గురవయ్యది. సంఘం ఎప్పుడూ చేతకానివాళ్ల చేలు ముందు విత్తుతుంది కాబట్టి అందరూ నేరుగా వెంగమ్మ చేనుకు వెళ్లారు. గురవయ్య నన్ను గట్టు మీద గుచ్చాడు. వెంగమ్మ వచ్చి నన్ను పెరికింది. అప్పటికి పాతికేళ్లకు దగ్గరైంది నేను పుట్టి, పని కాకముందే నన్ను పెరికినవాళ్లు అంతవరకు లేరు. మట్టి దులిపి గురవయ్య చేతికిచ్చింది.

"ఇదేందమ్మా! గుచ్చినాక కాదనగూడదు" అన్నాడు గురవయ్య.

"ఆ కట్టడి సంఘంలో ఉన్నోళ్లకు మామా. నేను లేనుగా."

"నువ్వు లేకపోవటమేంది?"

"వంతు రాని ఇల్లు సంఘంలో ఎట్టా ఉంటది? ముందు కర్ర మా గడపకు రావాల. ఆ తర్వాతే గొర్రు మా చేలో దిగాల."

మాలకొండయ్య నచ్చజెప్పబోయాడు. సమావేశంలో తీసుకున్న మాటను సమావేశంలోనే మార్చాలని, పున్నమి సమావేశం దాకా ఆగమని, పదును ఆగదు కదమ్మా, ఈలోగా విత్తనివ్వమని బతిమాలాడు. ఆమె గట్టు మీద నుంచి కదలలేదు. రెండో రోజూ అంతే. ఆ రెండు రోజులూ మనుషులు మిగతా చేలు విత్తుకుంటూ మాటిమాటికీ ఆమె చేను వైపు చూశారు. ఆ ఒక్క పంట పోతే వెంగమ్మ పిల్లలకు ఏడాది తిండి లేదు. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు. నాకు భయమేసింది. ఒక కర్ర ముక్క కోసం ఎవరైనా పంట పోగొట్టుకుంటారా అని నా మీద నాకే కోపం వచ్చింది.

మూడో రోజు పొద్దున ఇక మిగిలినవి రెండే చేలు. వెంగమ్మది, మాలకొండయ్యది. మాలకొండయ్య చేను ఏటా ఆఖరే. అందరివీ అయ్యాక పదునుంటే విత్తేవాడు, లేకపోతే లేదు. అలా ఆరు పంటలు పోగొట్టుకున్నాడు. ఎవరైనా నన్ను పట్టుకుని ఆయన గట్టెక్కబోతే ఎదురొచ్చి, "నాకెందుకయ్యా, నేను చూసుకుంటాలే" అని తిప్పి పంపేవాడు. గుచ్చితే కాదనకూడదని ఆయనకూ తెలుసు, అందుకే గుచ్చనిచ్చేవాడు కాదు.

ఆ పొద్దున చెంచయ్య నన్ను ఆదిలక్ష్మికి ఇవ్వాలి. కంగారులో ఇవ్వకుండానే నన్ను చంకలో పెట్టుకుని చేనుకు పరిగెత్తుకొచ్చాడు. రెండు గొర్రులు సిద్ధంగా ఉన్నాయి. ఎండ ఎక్కుతోంది. మధ్యాహ్నం దాటితే నేల బిగుస్తుంది. ఎడ్లు కూడా నిలవలేక గిట్టలతో మట్టి తవ్వుతున్నాయి.

"వెంగమ్మా, పంతానికి పోబాక" అన్నాడు మాలకొండయ్య. "నీ మేలు కోరే వంతు తీసేశాం. తొట్టికి అరవై బిందెలు. బోరింగు కొట్టి కొట్టి మగోళ్లకే రెక్కలు పడిపోతన్నయ్. పిల్లల్ని చూసుకుంటావా, చేను చూసుకుంటావా, నీళ్లు మోస్తావా? ఎట్టా పోస్తావు తల్లీ?"

"పోసొచ్చా" అంది వెంగమ్మ.

"ఏంది?"

"ఇయ్యాల మా ఇంటి వంతు. పొద్దున్నే పోసొచ్చా. మీరు దాటిపొయ్యినకాడ్నుంచి ఇది పదోసారి."

ఎవరికీ అర్థం కాలేదు. ఒక్క ఆదిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ అటు తిరిగారు. మా ఊళ్లో ఒక మనిషి నిజం దాస్తే పక్క మనిషి మొహం చూసి పట్టేస్తారు.

"నిజమే అన్నాయ్" అంది ఆదిలక్ష్మి చివరికి. "ఈ ఎనిమిది నెలల్లో నా వంతునాడు నేనొక్క బిందె పొయ్యలా. నేను బొయ్యేసరికి నిండుండేది. నాకు తెలుసు, చెప్పలా. నాదే తప్పు."

వెంగమ్మ మాలకొండయ్యనే చూస్తూ అంది. "మా ఆయన పోయాడు అన్నాయ్. మా ఇల్లు పోలా. మీరు పెడితే తినటానికి నాకేం సిగ్గు లేదు. కానీ నేను పెడితే మీరు తినాల గదా? అది తీసేసి ఉత్త పుచ్చుకునేదాన్ని చేశారు నన్ను."

మాలకొండయ్య తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. తరువాత చెంచయ్య చంకలోంచి నన్ను లాగి, రెండు చేతులతో వెంగమ్మ ముందుకు చాపాడు. "తీసుకో తల్లీ. తప్పయింది."

అమ్మయ్య అనుకున్నాను. వెంగమ్మ చేతులు చాపలేదు.

"ఇక్కడ గాదు. గడపలో. అందరికీ ఇచ్చినట్టే."

సూర్యుడు నెత్తిమీదికి వస్తున్నాడు. విత్తనం సంచులు విప్పి ఉన్నాయి. ఆ స్థితిలో మొత్తం సంఘం, పాతికమంది రైతులు, గొర్రులూ ఎడ్లూ చేలోనే వదిలి, ఒక కర్రను గడప దగ్గర ఇవ్వడానికి కిలోమీటరు దూరం ఊళ్లోకి నడిచారు. నడిచారు అనడం మర్యాదకు, పరిగెత్తారు. మోకాలి నొప్పితో మాలకొండయ్య కుంటుతూ పరిగెత్తాడు. వెంగమ్మ లోపలికి వెళ్లి, కాళ్లూ చేతులూ కడుక్కుని, తాపీగా బయటికి వచ్చింది. ఎనిమిది నెలలు ఆగిన మనిషికి ఇంకొక నిమిషం ఒక లెక్కా?

"వంతు వచ్చింది" అన్నాడు చెంచయ్య.

"వచ్చింది, తీసుకున్నాం" అంది.

ఆ చెయ్యి తడిగా ఉంది. వేళ్ల మొదట్లో బోరింగు పిడి కాయలు కాచి ఉన్నాయి. నేను కర్రను, నాకు ఏడుపు రాదు. వస్తే అప్పుడు వచ్చేది.

మళ్లీ చేలోకి పరుగు. ఒక గొర్రు వెంగమ్మ చేలో దిగింది. ఆదిలక్ష్మి ఎవరూ చెప్పకుండానే విత్తనం ఒళ్లో పోసుకుని జడ్డిగం దగ్గరికి వెళ్లింది. వెంగమ్మ అక్కడ ఆగలేదు. వంతు రోజును సొంత పనికి వాడుకోకూడదు కదా. రెండో గొర్రును తోలించుకుంటూ, నన్ను చేత పట్టుకుని, గట్టు మీద నడుచుకుంటూ మాలకొండయ్య చేనుకు పోయింది. ఆయనకు విషయం అర్థమై కుంటుకుంటూ ఎదురొచ్చాడు.

"నాకెందుకమ్మా ఈ సాయం? నేను చూసుకుంటాలే."

"నాకూ ఇదే మాట చెప్పించావు అన్నాయ్, చెంచయ్య బాబాయ్ నోటి మీదగా" అంది వెంగమ్మ. ఆయన చెయ్యి అడ్డం పెట్టేలోపు నన్ను గట్టు మీద దించింది. పొన్ను మొత్తం మట్టిలోకి దిగింది.

మాలకొండయ్య నన్ను చూశాడు. ఆయనే పెట్టిన సంఘం, ఆయనే పెట్టిన కట్టడి. ఇరవై మూడేళ్లలో ఆయన గట్టున నేను నిలబడటం అదే మొదలు. గట్టు మీద కూలబడి, మోకాలు పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెంగమ్మ అటు చూడకుండా జడ్డిగంలోకి గింజలు వదులుతూ నడిచింది. ఆ ఏడు ఆయన కంది మొలకలు నూలు పట్టినట్టే వచ్చాయి. మళ్లీ పున్నమికి సమావేశం జరిగింది. ఎవరినైనా వంతు నుంచి తప్పించాలంటే ముందు వాళ్లను అడగాలని ఒక కట్టడి కలిపారు.

ఇదంతా పాత సంగతి. మాలకొండయ్య పోయి అయిదేళ్లయింది, గురవయ్యా లేడు. సంఘానికి పక్కా ఆఫీసు వచ్చింది, ట్రాక్టరు వచ్చింది, పోయినవాళ్లను ఉంచే ఐసు పెట్టె వచ్చింది, ఎవరికి రక్తం కావాలన్నా సెల్‌ఫోన్లు మోగుతాయి. మంచి పనులే. మూడేళ్ల కిందట ఇప్పటి ప్రెసిడెంటు శ్రీహరి నన్ను పైకెత్తి చూసి, అడుగున సన్నగా పగిలిందని కనిపెట్టాడు. "పాపం, ఎంతకాలం తిరుగుద్ది ఇది? ఇంక దీనికి కష్టం వద్దు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, దండ వేశారు. నా బదులు ఒక స్టీలు గొట్టం కొన్నారు, దానికి అడుగున ప్లాస్టిక్ మూత. రోజూ పొద్దున అది అద్దం ముందు నుంచి తళతళలాడుతూ పోతుంటే నేను ఇక్కణ్ణుంచి చూస్తాను. నన్ను ఎవరూ తిట్టలేదు, పారెయ్యలేదు. ప్రేమగా దాటిపోయారు. చెయ్యి చాపి గడపలో నిలబడిన వెంగమ్మకు ఆ పొద్దున ఎలా ఉందో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

కట్టడి ప్రకారం నన్ను ముందు అడగాలి. ఎవరూ అడగలేదు. మొన్న పున్నమి సమావేశంలో వెంగమ్మ ఒక్కతే ఈ బీరువా వైపు వేలు చూపి, "దీని వంతెప్పుడు?" అంది. అందరూ పెద్దావిడ సరదాకు అందనుకుని నవ్వారు. ఆమె నవ్వలేదు. వెళ్తూ వెళ్తూ, ఆఫీసు ఊడ్చే ఆమెను బీరువా తాళం ఎక్కడ పెడతారని అడిగింది.

ఆగండి. ఆఫీసు తలుపు తీస్తున్నారు. ఎండ లోపలికి పడింది. చేతిలో స్టీలు గొట్టంతో ఎవరో ఆడమనిషి, చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. వెనకాలే శ్రీహరి గొంతు. "పిన్నీ, దాన్నెందుకు కదిలిస్తన్నావు? విరిగిపోద్ది."

"విరిగిన కొయ్యతోనే గదరా మొదలుపెట్టింది మీ పెద్దోళ్లు" అంది వెంగమ్మ.

తాళం తిరిగింది. ఎండిన దండ తీసి స్టీలు గొట్టం మెడలో వేసింది, దాన్ని నా చోట నిలబెట్టింది. తడి చెయ్యి నా నడుము చుట్టూ బిగిసింది. "వంతు వచ్చింది" అంది మెల్లగా, నాకు ఒక్కదానికే వినపడేట్టు.

ఇంక చెప్పడానికి తీరిక లేదు. తొట్టి ఇంకా సగమే నిండిందట.